పదిళ్లలో ఏ ఇల్లు

మైదుకూరు దగ్గరి ఒక ఊళ్లో నేను పెద్ద నర్సుగా పనిచేశాను. నా కింద నర్సు కృపమణి నాకన్నా పదకొండేళ్లు చిన్నది. జనం నన్ను మేడమ్ అనేవాళ్లు, ఆమెను మణమ్మా అని పిలిచేవాళ్లు. ఆ తేడా రిటైరైనా నాకు మింగుడు పడలేదు. శిక్షణ తరగతుల్లో చెప్పిందంతా రాసుకుని, ఇంటికొచ్చి మళ్లీ చదువుకునేదాన్ని నేను. ఆమె ఏ ఇంటికి పోయినా పొయ్యి పక్కన చతికిలబడి, వాళ్లిచ్చిన టీ తాగిగానీ సంచి తెరిచేది కాదు. పని ఎగ్గొట్టడమని నేను సణిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం హసీనా కొడుక్కి జ్వరమని కబురొచ్చింది. ముప్పైమూడు రోజుల బిడ్డ. నేనే ముందు పోయాను. ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం లేదు. అంత పసివాడికి జ్వరమొస్తే ఇంట్లో ఉంచకూడదు, వెంటనే కడప పెద్దాసుపత్రికి పోవాలి. హసీనా అత్త చాంద్ బేగం గడపకు అడ్డంగా కూర్చుంది.

"చిల్లా కాలేదు మేడమ్. నలభై దినాలు నిండి, నీళ్లు పోసుకోందే తల్లీబిడ్డా గడప దాటరు."

"ఇట్లాంటి పిల్లలు పదిమందిలో ఒకరికి రక్తంలో క్రిములు చేరి ఉంటాయి," అన్నాను.

"అంటే తొమ్మిదిమందికి ఏం కాదనే గదా? మావాడు ఆ తొమ్మిదిలో ఉండాడులే."

హసీనా బిడ్డను గుండెకు హత్తుకుని నా వైపే చూస్తోంది. కృపమణికి ఫోను చేయక తప్పలేదు.

వచ్చింది. ఆ రోజు టీ అడగలేదు. బిడ్డ నుదురు తాకి, చాంద్ బేగం పక్కన చతికిలబడింది.

"చాందమ్మా, మీ సందులో పది ఇండ్లుండాయి. ఒగింట్లో పాము దూరింది. యా ఇంట్లోనో తెలీదు. వీణ్ని ఈడ పండబెట్టి నువ్వు రొట్టెలు చేసుకుంటావా?"

"యాడన్నా పండబెడతారా! ఎత్తుకోని బయటికి ఉరకనూ?"

"నలభై దినాలు కాలేదే మరి?"

చాంద్ బేగం చెయ్యి చాచి మనవడి ఒళ్లు తాకి చూసింది.

ఆ కాసేపు నేను కోరుకున్నది రాయడానికి చెయ్యి రావడం లేదు. చాంద్ బేగం కృపమణి మాట కూడా కాదనాలి అనుకున్నాను. బిడ్డ ఆయాసంతో ఎగపోస్తుండటం చూస్తూనే అనుకున్నాను.

"నీ నోరు పడిపోనూ, పామంటావా మణమ్మా!" అని తిడుతూనే చాంద్ బేగం లేచింది. మనవణ్ణి తన బురఖాలో పొదువుకుని, కోడలికంటే ముందు తానే గడప దాటింది.

కడపలో రక్తపరీక్ష చేశారు. క్రిములున్నాయన్నారు. పదిరోజులు సూదులు పడ్డాయి. ఆరోనాడు నేను పండ్లు తీసుకుని వార్డుకు వెళ్లాను. బిడ్డ ఆబగా పాలు తాగుతున్నాడు. చాంద్ బేగం నన్ను చూసి నవ్వి, నా వెనక తలుపు దిక్కు తొంగి చూసింది.

"మణమ్మ రాలేదా మేడమ్?"

"డ్యూటీలో ఉంది," అన్నాను.

కృపమణికి ఆ రోజు సెలవు. కడప పోతున్నానని నేనామెకు చెప్పనే లేదు.