ఆపొద్దన్న మాట

గ్రేస్ తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి, హైదరాబాదు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. వార్డుల్లో పనిచేసి పనిచేసి, రెండేళ్ల కిందట మలేరియా మీద జరుగుతున్న ఒక పరిశోధనలో చేరింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే మలేరియా అది. రక్తంలోని క్రిములు మందుకు చచ్చినా, కొన్ని కాలేయంలో దాక్కుని నెలల తరబడి నిద్రపోతాయి. వాటిని చంపాలంటే పద్నాలుగు రోజులు వేరే మాత్ర మింగాలి. జ్వరం మూడోనాటికే పోతుంది కాబట్టి ఎవరూ చివరిదాకా మింగరు. మింగించడమే గ్రేస్ ఉద్యోగం. రోజూ ఇంటికి వెళ్లి, ఎదురుగా నిలబడి, మాత్ర గొంతు దిగేదాకా చూసేది.

చంద్రమ్మ మాదాపూర్‌లో రేకుల గదిలో ఉండేది. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్‌లో తుడిచే పని. ఎనిమిది నెలల్లో ఆమెకది మూడో జ్వరం. ముందు రెండుసార్లూ మాత్రలు మూడోనాటికే వదిలేసింది.

“ఈసారి మధ్యలో ఆపొద్దండి చంద్రమ్మా. ఏమైనా సరే ఆపొద్దు,” అని గ్రేస్ పదిసార్లు చెప్పింది.

ఆ మాత్ర అందరికీ పడదు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో ఒక ఎంజైము తక్కువ. అలాంటివాళ్లు మింగితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే ముందు వేలు గుచ్చి పరీక్ష చేస్తారు. రక్తపు చుక్క వేసిన కాగితం పట్టీ మీద రంగు వస్తే భయం లేనట్టు. చంద్రమ్మ పట్టీ మీద రంగు వచ్చింది. కాస్త వెలిసినట్టుందేమోనని గ్రేస్ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. రంగైతే ఉంది. ‘మామూలు’ అని రాసింది. మూత్రం నల్లబడితే మాత్ర ఆపి ఫోన్ చేయాలన్న సంగతి కూడా కాగితం చూసి చదివి వినిపించింది. ఒక్కసారి.

మాత్రలు మొదలుపెట్టిన నాలుగోనాడు తమ్ముడింట్లో ప్రార్థన కూటం ఉండి గ్రేస్ ఊరెళ్లింది. రెండు రోజుల మాత్రలు చంద్రమ్మ చేతికే ఇచ్చింది. అలా ఇవ్వకూడదు. ఆ గుబులుతోనే మర్నాడు పొద్దుటి రైలెక్కి, సంచీ భుజాన ఉండగానే రేకుల గదుల దగ్గర దిగింది.

పక్కగది ఎల్లమ్మ గిన్నెలు తోముతోంది. “డ్యూటీకి పోయింది సిస్టరమ్మా. కండ్లు పచ్చగైనయ్. నిన్నటి సంది ఒంటికి పోతే డికాషన్ లెక్క వస్తుందట. వేడి చేసిందంటది.”

గ్రేస్ గడియారం చూసింది. చంద్రమ్మ మాత్ర వేసుకునేది మధ్యాహ్నం బువ్వ తిన్నాక. టైము పన్నెండు దాటింది. ఫోన్ చేస్తే మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. పనిలో ఉన్నంతసేపూ వాళ్ల ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు.

ఆటో ఎక్కింది. ఫ్లైఓవర్ మీద బండ్లు కదలడం లేదు. సగం దారిలో దిగి, ఎండలో పరుగులాంటి నడకతో టవర్ చేరింది. గేటు దగ్గర ఆపేశారు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ దినేశ్ వచ్చాడు.

“పాస్ లేకుంటే పోనియ్యరు మేడమ్. రెండింటికి బయటికొస్తది, గప్పుడు మాట్లాడున్రి.”

“బాబూ, ఆవిడ రక్తకణాలు పగిలిపోతున్నాయి. ఇంకో మాత్ర మింగితే ప్రాణం మీదికొస్తుంది. మింగించింది నేనే. దయచేసి ఏ అంతస్తో చెప్పండి!”

దినేశ్ ఆమె ముఖం చూశాడు. ఇంకేమీ అడక్కుండా తన కార్డు గీసి లిఫ్ట్ వైపు నడిచాడు. “పదకొండు. రాన్రి.”

చంద్రమ్మ సామాన్ల గదిలో, బకెట్ల పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. రొప్పుతోంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఒళ్లో తెరిచిన టిఫిన్ డబ్బా, అరచేతిలో మాత్ర.

“వద్దు! మింగొద్దు!” గ్రేస్ ఆ చెయ్యి పట్టుకుంది.

“నువ్వే గదా సిస్టరమ్మా ఆపొద్దంటివి,” అంది చంద్రమ్మ ఆయాసపడుతూ. “ఏమైనా సరే ఆపొద్దంటివి.”

గ్రేస్ ఆమె అరచేతిలోంచి మాత్ర తీసేసుకుంది.

దవాఖానకు చేరేసరికి రక్తం ఆరు గ్రాములకు పడిపోయింది. రెండు సీసాలు ఎక్కించారు. మూడు రోజులు గ్రేస్ మూత్రం రంగు చూస్తూ మంచం పక్కనే ఉంది. నాలుగోనాటికి అది తేటపడింది. అప్పుడు ఇంటికి పోయి, స్నానం చేసి, పరిశోధన పెద్ద డాక్టర్ కామేశ్వరరావు గారికి రిపోర్టు రాసింది. పట్టీ రంగు వెలిసినట్టు తనకు అనుమానం వచ్చిందనీ, ఎవరినీ అడగలేదనీ, మాత్రలు చేతికిచ్చి ఊరెళ్లాననీ దాచకుండా రాసింది.

ఆయన రెండుసార్లు చదివారు. “కొందరు ఆడవాళ్లలో ఈ లోపం సగం సగంగా ఉంటుందమ్మా. అలాంటప్పుడు పట్టీ మోసం చేస్తుంది. అది నీ తప్పు కాదు. మాత్రలు ఇచ్చి వెళ్లడం మాత్రం తప్పే.”

“తెలుసండి,” అంది గ్రేస్.

ఆ తర్వాత అన్ని కేంద్రాల్లోనూ ఆడవాళ్లకు ఎంజైము ఎంతుందో అంకెలో చూపించే యంత్రంతో పరీక్ష మొదలుపెట్టారు. ఎక్కించిన రక్తం ప్రభావం పోయేదాకా మూడు నెలలాగి చేస్తే చంద్రమ్మ అంకె మామూలులో సగానికి కొంచెం పైన తేలింది. ఆ వారంలోనే నాలుగోసారి జ్వరం వచ్చింది.

ఇలాంటివాళ్లకు అదే మాత్రను వారానికొకసారి చొప్పున ఎనిమిది వారాలు, రక్తం చూసుకుంటూ ఇచ్చే పద్ధతి ఉంది. అది చెప్పడానికి వెళ్లిన గ్రేస్ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“మల్ల గదే మాత్రనా?” అంది చంద్రమ్మ. “సావు సూసొచ్చిన సిస్టరమ్మా.”

“మీరు వద్దంటే వద్దండి. నేను బలవంతం చెయ్యను.”

“ఎయ్యకుంటే ఈ జరం పోదు గదా?”

“పోదు.”

చంద్రమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. “అయితే నువ్వు జర సేపు ఈడనే కూసో. నాకు భయమైతది.”

గ్రేస్ చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుంది. ఎనిమిది గురువారాలు అలాగే కూర్చుంది. రక్తం ఒక్కసారి కొద్దిగా తగ్గి, మళ్లీ నిలబడింది. ఏడాది దాటింది, చంద్రమ్మకు జ్వరం రాలేదు.