మామ మిషిన్‌కు నేను పెట్టిన బొట్టు

నవ్వం అని ఒట్టేస్తెనే చెప్త. నిన్న ఆదివారం అత్తగారింట్ల నా ఇజ్జత్ మొత్తం పోయింది. ఎవ్వలో తీసింది గాదు, నేనే బండి మీద పోయి మరీ తీసుకున్న!

మా మామది మోత్కూర్ దిక్కు ఊరు. డెబ్బై ఏండ్లకు దగ్గర పడ్డడు. ఆయనకు చెట్లు కోసే మిషిన్ ఉన్నది. గాలివానకు యాడ చెట్టు పడ్డా, పొలం గట్ల మీద సర్కారు తుమ్మ మొలిచినా మామకే ఫోన్. మల్లయ్య అంటె ఊర్ల ఎవ్వలకు తెల్వది, మిషిన్ మల్లయ్య అనాలె. గసొంటి మనిషి దసర పోయినసంది మిషిన్ నడుపుతలేడు. తాడు గుంజితె స్టార్టయితలేదట. గుంజి గుంజి భుజం వాసింది. "ఇగ నాతోని గాదు, ముసలోన్నైన, అమ్మేస్త" అని పక్కూరాయనకు మాట గూడ ఇచ్చిండు. నిన్న పగటీలికి ఆయనొచ్చి మిషిన్ తీస్కపోవాలె.

మా ఇంటామె సువర్ణ ఒకటే ఏడుపు. "మా బాపు సరిగ తింటలేడట. పొద్దంత గోడ దిక్కు మొఖం పెట్టి పంటుండట. ఊరోళ్ల ఫోన్లన్ని బాగు చేస్తవ్, మా బాపు మిషిన్ జర అలుకగ స్టార్టయ్యేటట్టు చెయ్యరాదా?"

రామన్నపేటల సెల్ రిపేర్ దుకాణం నాది. నాకు గిదొక పనా? నాలుగు వీడియోలు చూసి, సువర్ణను ఎక్కించుకొని బయలెల్లిన.

పోంగనే షర్టు చేతులు మడిచిన. కొత్త ప్లగ్గేసిన. పాత పెట్రోలు పారబోసి, ఆయిల్ కలిపిన తాజా పెట్రోలు పోసిన. గుంజిన. ఊహూ! తాడు జానెడు వచ్చి ఆగుతాంది, లోపట ఎవ్వలో పట్టుకున్నట్టే.

"పిడి చిన్నగుంది మామా, పెద్దోళ్లకు పట్టు దొరకది" అన్న.

ఆ పిడి ఊడదీసి, పాత పార కట్టె ముక్క కోసి తాడుకు కట్టిన. కాలు మిషిన్ మీద తొక్కిపెట్టి, రెండు చేతుల పట్టుకొని, ఉన్న బలమంత పెట్టి గుంజిన సూడుండ్రి... ముడి ఊడింది! కట్టె నా చేతుల, నేను బర్రె కుడితి గోళెంల!

అత్త ఉరికొచ్చింది. "అయ్యో బిడ్డా, దెబ్బ తాకిందా?" అని అడుగుతాంది గని, కొంగు నోట్ల కుక్కుకున్నది. సువర్ణకైతె గంత మర్యాద గూడ లేదు, పడి పడి నవ్వుతాంది.

మామ మాత్రం నవ్వలె. గదే నాకు బాధైంది. ముందటి మామ అయితె వాడకట్టంత పిలిచి నన్ను చూపెట్టెటోడు. మెల్లగ లేచొచ్చి, మిషిన్ పక్కన కూసొని, తువ్వాలతోని తుడువవట్టిండు.

"నీ తప్పేం లేదు అల్లుడా. నా బొటనేలుల సుత తాకత్ పోయింది" అన్నడు.

"తాడు గుంజనీకి బొటనేలెందుకు మామా?"

"ముందుగాల గీ బటన్ నొక్కాలె గద. నొక్కితె లోపటి గాలి పోతది, తాడు అలుకగ వస్తది. దసరసంది నాకు నొక్కుడే అయితలేదు. ఇంట్ల చెప్పనీకి సిగ్గైంది."

"యాడ ఉన్నది బటన్?"

"గా బొట్టు కింద."

నేను వంగి బొట్టును చూసిన.

దసర నాడు ఆయుధ పూజకు మిషిన్ తుడిచింది ఎవ్వలు? నేను. మీద చిన్న బటనొకటి లేచి లూజుగ కదులుతాంటె, ఊడిపోతదేమో అని జేబుల గమ్ ట్యూబు తీసి రెండు చుక్కలేసింది ఎవ్వలు? నేనే! దుకాణంల పొద్దంత చేసేది గదే పని గద, ఏది కదిలినా అంటుపెట్టుడు. పైకెల్లి పసుపు పూసి, రూపాయంత బొట్టు గూడ పెట్టిన.

"మరి బొట్టు గీకి చూడకపోయినవా మామా?"

"అల్లుడు పెట్టిన బొట్టు గీకుతరా? పూజ బొట్టు దానంతలది పోవాలె" అన్నడు మామ.

మనిషి పూజకు, నాకు మర్యాద ఇచ్చి, నెల రోజులసంది ముసలోన్నైన అని కుమిలిండు! నాకు కుడితిల పడ్డప్పుడు గూడ గంత సిగ్గు కాలె.

"మామా... గమ్ పెట్టింది నేనే" అన్న. అత్త ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలె.

మామ బొట్టుకు మొక్కి తడి బట్టతోని తుడిచిండు. సువర్ణ గోళ్లరంగు తుడిచే మందు తెచ్చింది. చుక్క చుక్క పోసుకుంట, పిన్నీసుతోని గీకుకుంట అరగంట కూసున్న. టక్‌మని కదిలింది. నేను తాడుకు పాత పిడే బిగించి ఇచ్చిన. మామ బొటనేలుతోని బటన్ నొక్కిండు. మిషిన్‌ను కాలి కింద పెట్టిండు. ఒకపాలి గుంజిండు, రెండోపాలికి... బుర్ర్ర్ర్! కోళ్లన్ని ఎగిరి గోడెక్కినయ్. మామ మొఖం సూడాలె! బొటనేలు పైకి లేపి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటాండు. నిజం చెప్త, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

గప్పుడే పక్కూరాయన వచ్చిండు. "పెద్దాయనా, మిషిన్ తీస్కపోనీకొచ్చిన" అన్నడు.

మామ మిషిన్ బంద్ చేసి ఒళ్లె పెట్టుకున్నడు. "మిషిన్ ఇయ్య. నీకు కావాల్నంటె మా అల్లుని తీస్కపో" అన్నడు.

ఆయన నన్ను చూసిండు. నెత్తిల తవుడు, షర్టు మీద కుడితి, రెండు వేళ్లు కరిగిన గమ్‌కు అతుక్కొని ఉన్నయ్.

"ఉత్తగిచ్చినా వద్దు" అని బండి తిప్పుకొని పోయిండు!