కోచ్ గారు "డాక్!" అని కేకేసిన శనివారం

మడతపెట్టే ఫోన్లు చేతిలో ఉంటే గొప్పగా అనిపించే ఆ రోజుల్లో, మనిషి లావుగా ఉంటే చాలు, ఏదో ఒకదానికి పనికొస్తాడని అమెరికాలో నమ్మేవారు. ఆ నమ్మకం మీదే మిషిగన్‌లో ఒక చిన్న కాలేజీ వాళ్లు నన్ను ఫుట్‌బాల్ జట్టులో చేర్చుకున్నారు. (పేరుకే ఫుట్‌బాల్. బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు, కాలితో ఎప్పుడో గానీ పనిపడదు.) నేను డిఫెన్సివ్ లైన్‌మన్‌ని. అంటే ఎదురుగా గోడలా నిలబడ్డ మహాకాయుణ్ణి తోసుకుంటూ పోయి, వాడి వెనకాల బంతి పట్టుకున్నవాణ్ణి కింద పడేయాలి. ఈ సంగతి విని మా అమ్మ మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఫోన్ చేసి, "ఎవర్నీ గట్టిగా గుద్దమాక నాన్నా, వాళ్లకీ అమ్మలుంటారు" అంది.

ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది. నన్ను ఆటలోకి దింపితే కదా! వారమంతా ప్రాక్టీసులో అసలు ఆటగాళ్లు నన్ను గుద్ది నేర్చుకునేవారు. శనివారం నేను ఉతికిన జెర్సీతో బెంచీ మీద కూర్చుని, ఉతికిన జెర్సీతోనే లేచేవాణ్ణి. బయటి ఊళ్లో ఆటలుంటే బస్సులో నాకు చోటుండేది కాదు. అందరూ వెళ్లిపోయాక ఖాళీ హాస్టల్లో రేడియో పెట్టుకుని, మావాళ్లు ఎవణ్ణయినా పడేస్తే ఒక్కణ్ణే చప్పట్లు కొట్టేవాణ్ణి. (పక్క గదుల్లోనూ ఎవరూ ఉండరు గనక గట్టిగానే కొట్టేవాణ్ణి.) ఇంటికి వెళ్తే మా తెలుగు చర్చిలో అంకుల్స్ "గోల్స్ ఎన్ని కొట్టావు బాబూ?" అని అడిగేవారు. కోచ్ గారికి నా పేరు నోరు తిరగక, "మీవాళ్లంతా డాక్టర్లేగా" అని 'డాక్' అని పెట్టేశారు. (అక్కడ డాక్టర్లని అలాగే పిలుస్తారు.) నేను చదివేది అకౌంటింగ్ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మూడో ఏడు ఒక శనివారం అమ్మా నాన్నా మొదటిసారి ఆట చూడ్డానికొచ్చారు. స్టాండ్స్‌లో నాన్న టై కట్టుకుని కూర్చున్నాడు. ఆట సగంలో, నా స్థానంలో ఎప్పుడూ ఆడే రైతుబిడ్డ (మేం ట్రాక్టర్ అనేవాళ్లం) మోకాలు పట్టుకుని పడిపోయాడు. కోచ్ గారు వెనక్కి తిరిగి "డాక్!" అని కేకేశారు. ఇన్నాళ్లూ ఆ పిలుపు కోసమే కూర్చున్నవాణ్ణి! హెల్మెట్ తగిలించుకుని ఒక్క ఉదుటున పరిగెత్తాను. ట్రాక్టర్ దగ్గరికి చేరి చూద్దును కదా, నా వెనకాల సంచీ పట్టుకుని ఆయాసపడుతూ జట్టు డాక్టరు గారొస్తున్నారు.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు ట్రాక్టర్ పళ్లు బిగపట్టి.

"పిలిచారు."

అంత నొప్పిలోనూ వాడు నవ్వాడు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "కాస్త జరుగు బాబూ, వెలుతురు కనబడ్డం లేదు" అన్నారు.

కోచ్ గారు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. నా మొహంలో ఏం కనబడిందో గానీ, "సరే, ఎలాగూ వచ్చావు. ఈ ఒక్కసారికి ఉండు" అన్నారు.

ఈల మోగింది. ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని ఎదుటివాడి మీదికి దూకాను. వాడు అతిథికి తలుపు తీసినంత మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. నేను బోర్లా పడ్డాను. సరిగ్గా అప్పుడే బంతి పట్టుకున్నవాడు నా కాలు తట్టుకుని దబ్బున పడ్డాడు. మైకులో పడగొట్టినవాడి పేరు చదవబోయి, మా ఇంటిపేరు దగ్గర ఆగి, రెండుసార్లు ప్రయత్నించి, చివరికి జెర్సీ నంబరుతో సరిపెట్టారు. నన్ను వెనక్కి పిలిచేశారు.

ఆట అయ్యాక నాన్న నా చెయ్యి వదల్లేదు. "చూశాన్రా, భలే తన్నావు వాణ్ణి! మొత్తానికి ఫుట్‌బాల్ అనిపించావు." తర్వాత అమ్మవైపు తిరిగి, "చూశావా నువ్వు?" అన్నాడు.

అమ్మ బిక్కమొహం వేసింది. "ఆ పిల్లాడు పడిపోయాడుగా, వాడి కోసం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నానండీ. మనోడు ఎప్పుడు దిగాడు?"

మర్నాడు పొద్దున చర్చి ఉందని వెంటనే బయల్దేరారు. ఇతర ఆటగాళ్ల కుటుంబాలన్నీ పార్కింగ్ లాట్‌లో మాంసం కాల్చుకుంటూ ఉంటే, నేను మా కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, హాస్టల్ వైపు నడిచాను. వారం తిరక్కుండా ట్రాక్టర్ మోకాలు బాగైపోయింది. (అమ్మ ప్రార్థన అంత గట్టిది.) నా బెంచీకి నేను వెళ్లిపోయాను. ఆఖరి ఏడాదీ అక్కడే గడిచింది.

ఇప్పుడు షామ్‌బర్గ్‌లో నా ఆఫీసు కుర్రాళ్లు నా భుజాలు చూసి, "కాలేజీలో ఫుట్‌బాల్ ఆడారటగా?" అని అడుగుతుంటారు. ఆడానంటాను. ఎంతసేపని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది, ఎందుకంటే ఆ కాస్తసేపూ నాకు మొత్తం గుర్తుంది.