నేరేడు మీంచి దిగిందేమిటో

2006 మార్చి 11, శనివారం రాత్రి. ములకలపల్లి దగ్గర మా మిర్చి కల్లం. ఉన్నవాళ్లు: నేను, తమ్ముడు వెంకన్న, కాయలకు కాపలా ఉండే ముత్తయ్య.

నమ్మకపోతే మానండి. ఆ రాత్రి నాకు జ్వరం లేదు, కలా కాదు.

గట్టు మీది నేరేడు కింద మూడు మంచాలు వేసుకున్నాం. అది నేను నాటిన చెట్టు. బడిపంతులుగా చేరిన ఏడాది మొక్క పెట్టి, ముళ్లకంప కట్టి, వేసవుల్లో కావడితో నీళ్లు మోసి పెంచాను. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. పంపకాల్లో ఆ గట్టు తమ్ముడికి పోయింది. నీడ పడ్డ సాళ్లలో కాయ పట్టదని వాడి గొడవ. అయినా కొట్టనని నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

"నీకు పిల్లల కన్నా గీ చెట్టే ఎక్కువ గదనే అన్నా" అన్నాడు పడుకోబోతూ.

"అవ్ రా. ఇదైతే ఎదురు మాట్లాడది."

ఇద్దరం నవ్వుకున్నాం. ముత్తయ్య నవ్వలేదు.

నడిరాత్రి మెలకువ వచ్చింది. గాలి లేదు... ఆకు కదలడం లేదు. పైన ఒక కొమ్మ... కిర్రుమంది. బరువైనదేదో దాని మీద జరిగినట్టు. తర్వాత మాను వెంట బెరడు గీరుకుంటూ... సర్... సర్... కిందికి. ఎండుటాకుల మీద అడుగు పడింది. ఇంకో అడుగు. వెన్నెల పిండారబోసినట్టు ఉంది. ఎవరూ లేరు... ఆకులు మాత్రం అక్కడక్కడ అణుగుతున్నాయి.

నా మంచం దగ్గర ఆగింది.

చల్లగా తగిలింది... మిట్టమధ్యాహ్నం ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు తగిలే చల్లదనం. ఎంతసేపో... తర్వాత అడుగులు అడవి వైపు వెళ్లిపోయాయి.

"వెంకన్నా..."

దుప్పటి కింద వాడు వణుకుతున్నాడు. "పండుకో అన్నా... ఏం లేదు." ఏమైందని మాత్రం అడగలేదు.

తెల్లారి నలుగురు గొడ్డళ్లతో వచ్చారు. "ఏందిరా ఇది?" అన్నాను. తమ్ముడు తల దించుకున్నాడు. ముత్తయ్యే నోరు విప్పాడు.

"పెద్ద చెట్టు కొట్టాల్నంటే ముందు దినం పసుపు బియ్యం పెట్టి, అండ్ల ఉన్నదాన్ని వేరే తావుకు పొమ్మని చెప్పుడు మా దిక్కు ఆనవాయితీ సారూ. నిన్న పొద్దుగూకంగ మీ తమ్ముడు నాతోని చెప్పించిండు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుండు."

"చెట్టుకు చెప్పించినవ్ వెంకన్నా. నాకు చెప్పలేకపోయినవా రా?"

తమ్ముడు గొడ్డళ్ల వాళ్లకు చెట్టు వైపు చెయ్యి చూపించాడు.

నేను అడవి వైపు తిరిగి నిలబడ్డాను. దిగింది ఏమిటో ఈనాటికీ తెలియదు. ఒకటే అనుకుంటాను... మాను నుంచి అడవికి పోవడానికి నా మంచం దారిలో లేదు. అయినా వచ్చి ఆగింది.

వెనక మొదటి వేటు పడింది.