దారంతో కొలిచిన దూరం

మా సోషల్ మాస్టారు పోయారు. పర్చూరు నుంచి తమ్ముడు ఫోన్ చేసి ఆ మాట చెప్పి, వెంటనే, "దూరాన ఉన్నవాళ్లని అడక్కుండా తనని ఎత్తొద్దని చెప్పారంటక్కా. నువ్వు ఎప్పటికి రాగలవు?" అన్నాడు. నేను కువైట్‌లో ఆసుపత్రి డ్యూటీలో ఉన్నాను. సెలవు దొరకలేదు. నాకోసం ఆపొద్దని చెప్పాను.

ఆయన విమానాన్ని ఆకాశంలో తప్ప చూడలేదు. అయినా ఏడో తరగతిలో మాకు గ్లోబు మీద దూరాలు కొలవడం నేర్పారు. పొగాకు ఆకు కట్టే దారం తెచ్చి, ఒక కొస మన దేశం మీద నాతో పట్టించి, రెండో కొస లండన్ దాకా లాగేవారు. "బిగించి పట్టు. దారం వదులైతే లెక్క తప్పుద్ది," అనేవారు. నేను నర్సు ఉద్యోగానికి బయల్దేరినప్పుడు మా అమ్మ భయం పోగొట్టింది కూడా ఆ దారమే. "గాల్లో నాలుగు గంటలేనమ్మా. ఒంగోలెళ్లి పని చూసుకొచ్చినంత సేపు," అన్నారు మాస్టారు అమ్మతో.

తొంభైల చివర ఒక మే నెలలో మా నాన్న పోయాడు. రాత్రి పదకొండుకి విమానం ఎక్కుతున్నానని ఇంటికి ఫోన్ చేశాను. మాస్టారు గ్లోబు తెచ్చి మా అరుగు మీద కూర్చున్నారట. దారంతో కొలిచి, రెండు దేశాల గడియారాల తేడా కలిపి, హైదరాబాద్ నుంచి కారు ప్రయాణమూ కలిపి, మధ్యాహ్నం పన్నెండుకల్లా నేను ఇంట్లో ఉంటానని తేల్చారు. బొంబాయిలో దిగి ఇంకో విమానం కోసం కూర్చోవాలని మాత్రం ఆయనకు తెలియదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఊళ్లో మాస్టారి లెక్కంటే లెక్కే. ఒంటిగంట దాకా చూసి, నాకు విమానం అందలేదనుకుని, ఎండకు ఆగదని నాన్నను ఎత్తేశారు. నేను నాలుగింటికి వచ్చాను. ఇంకా బారెడు పొద్దుంది.

మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "తప్పు నాదేనమ్మాయ్. దూరం కొలిచాను. కూర్చునే టైము కొలవలా."

"మీ లెక్క లేకపోతే మా నాన్న మొహం చూసుకునేదాన్ని," అన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకోలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన పలకరించేవారు, నేను ముక్తసరిగా బదులిచ్చేదాన్ని. తప్పులో సగం నాదని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇప్పుడు వచ్చినా వినడానికి ఆయన లేరు.

మొన్న సెలవు దొరికి వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య బల్ల మీది గ్లోబు చూపించారు. దాని మీద దారం కువైట్ నుంచి బొంబాయికి, అక్కణ్ణించి హైదరాబాద్‌కి బిగించి అతికించి ఉంది. బొంబాయి దగ్గర మాత్రం మూరెడు దారం వదులుగా వేలాడుతోంది.

"ఇది వదిలేశారేంటండీ?" అన్నాను.

"అది నువ్వక్కడ కూర్చున్న టైమంటమ్మా. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ పిల్లలకి ముందు అదే చూపించేవారు."

ఫ్యాను గాలికి ఆ మూరెడు దారం ఊగుతోంది. దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.