గేటు మీద సున్నం గుర్తు

మా వీధి చివరింటావిడను అందరూ మిషనమ్మ అంటారు. చూపు మందగించి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసినా ఆ పేరు మాత్రం పోలేదు. భర్త పోయాడు, పిల్లలు లేరు. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు రావడం మానేశాక ఆ ఇంటి గేటు చప్పుడే వినబడేది కాదు.

ఆ ఏడు వానలతో పాటు పిడికిలంతేసి నత్తలు దిగాయి. ఎక్కడివో ఏమో, మునుపు మేమెరుగం. మొక్కన్నది మిగల్చలేదు. ఒక పెరడు శుభ్రం చేస్తే పక్క పెరట్లోంచి వచ్చేవి. అందుకని వీధిలోవాళ్లమంతా ఎవరి జాగాను బట్టి వాళ్లం నత్తల పన్ను వేసుకుని, ఒక మనిషిని పెట్టుకున్నాం. అతను సోమవారం సోమవారం బకెట్టుతో వచ్చి, తడి గోనెపట్టాల కింద చేరిన నత్తలను ఏరి ఉప్పునీళ్లలో వేసేవాడు. ఒక్కటీ దొరకని ఇంటి గేటుకు సున్నంతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు వానకు చెరిగిపోతేనే మళ్లీ లోపలికి వెళ్లి చూడటం.

వానలు వెనకపట్టేసరికి అన్ని గేట్లకూ గుర్తు పడింది, మిషనమ్మ గేటుకు తప్ప. పక్కింటి మాస్టారి చిక్కుడు మొలకలు మళ్లీ మాయమయ్యాయి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఆ పెరడు బాగుపడకపోతే వచ్చే ఏడు నేను పన్ను కట్టనమ్మా," అన్నారాయన.

సంగతేమిటో తేలేదాకా నాకు అన్నం సయించదు. మిషనమ్మ పెరట్లోకి వెళ్లాను. బట్టలుతికే రాయి వెనక ఒక కుండ బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే, దోసకాయ తొక్కల మీద నత్తలు, అత్తారింట్లో కొత్తల్లుళ్లలా!

"ఇదేంటి వదినా! కోళ్లను పెంచేవాళ్లను చూశాను గానీ..."

"అరవకు. ఆదివారం సాయంత్రం ఒకటో రెండో గోనె కిందకి వదులుతా. అవి లేకపోతే అతను రాడుగా."

"అతనేమన్నా నీకు చుట్టమా?"

"చుట్టాలెవరొచ్చారు గనక? అతనైతే ఆ మెట్టు మీద కూర్చుని టీ తాగుతాడు. మోకాళ్లెలా ఉన్నాయమ్మా అంటాడు. వారం మొత్తానికి నా గొంతు నాకు వినబడేది అప్పుడే."

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతటికీ తెలుసు. అయినా ఈ మాట ఎవరితోనూ అనలేదు. "మాస్టారి చిక్కుళ్లు పోతున్నాయి వదినా," అన్నానంతే. ఆవిడ కుండలోవి తన చేత్తోనే ఉప్పునీళ్లలో వేసింది.

సోమవారం అతను గోనె ఎత్తి చూశాడు. ఏమీ లేవు. "పీడ వదిలిందమ్మా!" అని నవ్వి, టీ తాగి, గేటుకు సున్నం పూసి వెళ్లిపోయాడు. అతను తాగిన గ్లాసు పక్కన పెట్టుకుని ఆవిడ పొద్దుపోయేదాకా ఆ మెట్టు మీదే కూర్చుంది.

పై ఆదివారం సాయంత్రం అటు వెళ్లాను. తడిగుడ్డతో గేటు తుడుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆగింది.

"కిందివైపు ఇంకా కనబడుతోంది వదినా," అన్నాను.