మరచెంబుకు ముసలితనం

పాతదాన్ని కొత్తగా చూపించేవాణ్ణి లోకం తెలివైనవాడంటుంది. కొత్తదాన్ని పాతగా చూపించబోయిన నన్నేమనాలో మా ఆవిడ ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. నేనే సాయం చేస్తాను: శుద్ధ మొద్దు.

అమ్మ పోయాక ఆవిడ ఇత్తడి మరచెంబులో తప్ప నాన్నగారు మంచినీళ్లు తాగేవారు కాదు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తోముకునేవారు. ఆయన రాజమండ్రిలో అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు నేను ఆ చెంబు పట్టుకుని కొవ్వూరు గోదావరి స్నానానికి బయల్దేరాను. తిరుగు బస్సులో సీటు ఆపుకోవడానికి అందరూ కిటికీలోంచి తువాలు వేస్తారు. నా తువాలు తడిసిందని నేను చెంబు పెట్టాను. పకోడీ పొట్లంతో వచ్చేసరికి బస్సు లేదు. ఆ సీటు మాత్రం నాకోసం ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటుంది.

పరుగున వెళ్లి అలాంటిదే కొత్తది కొన్నాను. "పేరు వేయమంటారా అండి?" అన్నాడు కొట్టాయన. "సత్యవతి" అని అమ్మ పేరు చెప్పాను గర్వంగా.

అది పెళ్లికూతురిలా మెరుస్తోంది. బావగారికి ఫోన్ చేశాను. కొత్త బీరువాలకు జమీందారీ కళ తెప్పించి అమ్మడం ఆయన వ్యాపారం.

"ఉప్పూ వెనిగరూ పట్టించి పేడకుప్పలో పాతెయ్యవోయ్ బావమరిదీ! మీ నాన్నగారిని దింపడానికి నేనే వస్తాగా, నా కళాఖండం చూస్తాను."

పాతాను. తవ్వి తీస్తే చిలుముపట్టి పచ్చగా, నల్లగా, మొహెంజొదారోలో దొరికినట్టుంది. మురిసిపోయాను.

నాన్నగారు దిగారు. బావగారు అటునుంచటే బజారుకెళ్లారు. చెంబు చూడగానే నాన్నగారు ముఖం చిట్లించారు.

"ఇదేంట్రా, నాలుగు రోజులు లేకపోతే దీన్నిలా చేశారు?"

"పాతదైపోయింది కదండీ..."

"పాతదైతే? మీ అమ్మ దీన్ని ఒక్కరోజైనా ఇలా ఉంచిందా?"

చింతపండు ముద్దతో కుళాయి దగ్గర కూర్చున్నారు.

"వద్దండీ! అరిగిపోతుంది!"

"అరగనీరా."

మా ఇంట్లో పాత ఇత్తడంటే అరిగి మెరిసేదేగాని మురికిపట్టింది కాదన్న సంగతి నాకప్పుడు తట్టింది. పేడకుప్ప ఇచ్చిన వయసంతా ఆ చేతికింద కారిపోయింది. నాన్నగారి వేలు పేరు దగ్గర ఆగింది.

"మీ అమ్మ తోమీ తోమీ తన పేరే చెరిపేసుకుందిరా. 'స' ఒక్కటే మిగిలింది. నేను రోజూ దానిమీద వేలు పెట్టి తాగేవాణ్ణి."

నాకు తెలియదు. అమ్మ ఉన్నప్పుడు అందులో తాగానేగాని ఏనాడూ తోమలేదు.

"బస్సులో పోయిందండి" అన్నాను.

ఆయన చెంబు కడిగి, నీళ్లు నింపి, తాగారు. "పోనీలే. పేరు మొత్తం ఉంది" అన్నారు.

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఇంట్లో దేనికీ వయసు పెంచను. నాది అడక్కుండానే పెరుగుతోంది.

ఇంతలో బావగారు చెమటలు కక్కుతూ వచ్చారు. శుభ్రం విషయంలో ఆయన మహా పట్టింపు మనిషి. పక్కవాడి గ్లాసు కూడా ముట్టరు. చెంబు నిండా నీళ్లు పోసి అందించాను. గటగటా మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని కన్నుగీటారు.

"ఏదోయ్, పేడకుప్పలోంచి తీసిన నా కళాఖండం?"

"మీ చేతిలోనే ఉందండి బావగారూ."